మార్చి రాసిన పేరు

ఇందులో ఎవరి పేరూ రాయను. మార్చి కూడా రాయను. మార్చి రాసిన ఒక్క పేరు ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి, అదే పని నేనూ చేస్తే నాకూ వాళ్ళకూ తేడా ఉండదు. పల్లె ఏదో కూడా చెప్పను. బారువ నుంచి భోగాపురం దాకా సముద్రం ఒడ్డున పల్లెలకు కొదవ లేదు, వాటిలో ఏదో ఒకటి అనుకోండి.

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళు తిరిగి, ఇంటింటి గుమ్మం ముందూ నిలబడి, పంట ఎంత, పశువులెన్ని, ఎంతమంది తింటారు అని అడిగి రాసుకోవడం మా పని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏమన్నారు, ఏం కూర. అభిప్రాయాలు రాసే అలవాటు లేదు. ఇన్నేళ్ళు అలా ఆపుకున్నవి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి కదా, అవి ఇక్కడ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

శ్రీకాకుళంలో మా ఇంటి మేడ మీద వాటా యూనివర్సిటీలో చదివే ఆడపిల్లలకు అద్దెకిస్తాం. ఆ ఏడు దిగిన వాళ్ళు ఎం.ఏ. సోషియాలజీ ఆఖరి సంవత్సరం. వాళ్ళలో ఒక అమ్మాయిది పాతపట్నం అవతల ఊరు, రైతుల ఇల్లు. పల్లెకారు ఆడవాళ్ళ మీద, అంటే చేపలు ఎండబెట్టి అమ్ముకునే వాళ్ళ మీద, డిజర్టేషన్ రాస్తోంది. మా వరండాలో గాలి బాగా వస్తుందని ఆదివారం సాయంత్రాలు వాళ్ళ తరగతి వాళ్ళు కొందరు అక్కడ చేరి ఒకరి పరిశోధన ఒకరికి చదివి వినిపించుకునేవారు. మొదట్లో నేను పేపరు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళేవాణ్ణి. లోపలికీ అంతే స్పష్టంగా వినబడుతుందని తెలిశాక వెళ్ళడం మానేశాను.

వాళ్ళ మాటలు నాకు నచ్చేవి కావు. ఒకడు నౌపడ ఉప్పు మడులకు వెళ్ళొచ్చి, "నేను వాళ్ళలో ఒకణ్ణయిపోయాను" అన్నాడు. వాడి కాళ్ళ వంక చూశాను. ఉప్పు మడిలో ఒక పూట దిగినా మడమలు పగిలి మంటెత్తుతాయి. వీడివి తెల్లగా, నున్నగా, కొత్త చెప్పుల్లో ఉన్నాయి. గట్టు మీద కూర్చుని వచ్చాడన్నమాట. ఇంకో అమ్మాయి, కొడుకు పోయిన ఒక అవ్వ ఏడుస్తూ చెప్పినదంతా ఫోనులో రికార్డు చేసుకొచ్చి అందరికీ వినిపించింది. అవ్వ ఏడుస్తోంది, వీళ్ళు మా ఆవిడ వేసిన పకోడీలు తింటున్నారు. రికార్డు అయిపోయాక, అలా రికార్డు చేయడం న్యాయమేనా అని కాసేపు చర్చించి, అవ్వ ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసింది కనక న్యాయమే అని తేల్చుకున్నారు. పకోడీలు కూడా అప్పటికి అయిపోయాయి.

ఈ సభకు పెద్ద ఒక విజయనగరం కుర్రాడు. తెలివైనవాడే, కానీ ఆ తెలివిని పెళ్ళికొడుకు బొట్టులా నుదుటి మీద పెట్టుకుని తిరిగేవాడు. "యాజ్ ఎ రీసెర్చర్" అనకుండా నోరు తెరిచేవాడు కాదు. మంచినీళ్ళడిగినా అదే అంటాడేమోనని నేను ఎదురు చూసేవాణ్ణి.

ఒక ఆదివారం వాడి వంతు. క్షేత్ర పరిశోధనలో నీతి గురించి రాసుకొచ్చింది చదివాడు. మాట ఇచ్చిన మనిషికి హాని జరగకూడదట. అందుకని పేరు మార్చాలట. పని పూర్తయ్యాక మనం కనుక్కున్నది మళ్ళీ ఆ ఊరికే తీసుకెళ్ళి ఇవ్వాలట; లేకపోతే దొంగతనంతో సమానమట.

"పేరు మార్చడం అంటే ఏదో ఒకటి పెట్టేయడం కాదు," అన్నాడు. "సిటీ పేరు పెడితే కృతకంగా ఉంటుంది. ఆ నేలలోంచి వచ్చిన పేరు పెట్టాలి."

"నేను వాళ్ళ ఊరి అమ్మవారి పేరే పెట్టాను," అంది పాతపట్నం అమ్మాయి.

శభాష్ అన్నారందరూ. టీ గ్లాసులు తెచ్చిన మా ఆవిడ గుమ్మంలో ఆగింది. ఆవిడది టెక్కలి వైపు. ఇన్నేళ్ళు టౌనులో ఉన్నా యాస పోలేదు, పోగొట్టుకోవాలని ఆవిడా అనుకోలేదు.

"అమ్మోరి పేరెట్టినావేటే? ఆ ఊర్లో ఆ పేరు నేని కొంప ఉంటాదా?"

"అదే కదా మామ్మగారూ పాయింటు," అన్నాడు విజయనగరం కుర్రాడు. "అందరికీ ఉన్న పేరు కాబట్టి అది ఎవరిదీ కాదు."

ఆ వాక్యం నచ్చి ఒకమ్మాయి రాసుకుంది కూడా.

నిజమే, ఆ పల్లెల్లో ప్రతి మూడో ఇంట్లో అమ్మవారి పేరున్న ఆడమనిషి ఉంటుంది. అందుకే అక్కడ ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు. ఇంటిపేరు కలుపుతారు, మొగుడి పేరు కలుపుతారు, పొట్టి అనో నల్ల అనో తగిలిస్తారు. అయితే ఏ తోకా లేకుండా ఉత్త పేరుతో పిలిచే మనిషి ఒక్కతె ఉంటుంది. సర్వేకి వెళ్ళినప్పుడు ఆ పేరు ఒక్కటే అంటే మమ్మల్ని నేరుగా ఒకే గుమ్మానికి తీసుకెళ్ళేవారు. ఆ అమ్మాయి ఏదో ఇంటిపేరు కూడా కల్పించి ఉంటుందనుకున్నాను. కల్పించలేదని తర్వాత తెలిసింది.

ఆమె రాసిన సంగతి ఇది. కొంత మార్చే చెబుతున్నాను, ఏది మార్చానో చెప్పను. ఆ పల్లెకూ పక్క పల్లెకూ వలల దగ్గర గొడవై, పెద్దలు కట్టు పెట్టారు. పక్క పల్లె దగ్గర కొనకూడదు, వాళ్ళకు అమ్మకూడదు, రాకపోకలు ఉండకూడదు. కట్టు మీరితే వెలి. వేలం పాటలో చేప దొరకదు, ఎండబెట్టుకోవడానికి ఇసకలో చోటివ్వరు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వరు. పక్క పల్లెలో పుట్టి ఈ పల్లెకు కోడలిగా వచ్చిన ఒకతె, తన అన్న బోటు మీద వచ్చిన చేపను చీకటితో తెచ్చుకుని, తన చేపతో కలిపి ఎండబెడుతూ ఈ అమ్మాయితో చెప్పుకుంది. అన్నను వదులుకోలేనని చెప్పుకుంది. డిజర్టేషన్‌లో మూడో అధ్యాయమంతా ఆమే. దానికి మాస్టార్లు మురిసిపోయారని కూడా విన్నాను.

తర్వాత నీతి ప్రకారం తిరిగి ఇవ్వడం ఒకటి మిగిలింది. అమ్మాయి తెలుగులో కొన్ని పేజీలు రాసి, అట్ట మీద పడవల ఫోటో వేయించి, పల్లెకు తీసుకెళ్ళి కుర్రాళ్ళకు ఇచ్చింది. వాళ్ళు దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇస్తున్నప్పుడు తీసుకున్న ఫోటోను వీళ్ళు మా వరండాలో ఒకరికొకరు చూపించుకుని సంతోషించారు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం సభ నడుస్తుండగా గేటు తీసుకుని ఒక ఆడమనిషి లోపలికొచ్చింది. నడివయసు, గట్టి మనిషి. ఆటోలో వచ్చినట్టుంది, జుట్టు నిండా దుమ్ము. మెట్టు మీద కూర్చుంది కానీ పైకి రాలేదు.

"సేపల పుస్తకం రాసిన పిల్ల ఎవుర్తె?" అంది.

పాతపట్నం అమ్మాయి లేచింది.

"నానెవుర్తినో ఎరుగుదువా?"

"లేదండీ."

"నువ్వు మా ఊరొచ్చినప్పుడు నాతో ఎప్పుడైనా మాటాడినావా?"

"లేదు."

"మరి నా పేరెందుకు రాసినావు?"

"అది మీ పేరు కాదండీ. మార్చి రాసిన పేరు."

"మార్సితే నాదెలగయినాది?"

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి, అప్పుడు నెమ్మదిగా చెప్పింది. ఆ ఊళ్ళో ఉత్త పేరుతో పిలిచేది ఈమెనే. ఈమె పుట్టిల్లూ పక్క పల్లే. అన్నకు బోటుందన్నదీ నిజమే. "కట్టెట్టిన కాడ్నుంచీ ఆడి మొగం సూణ్ణేదు నాను. ఆడి కొడుకు పెళ్ళయితే ఎల్లనేదు. మా వదిన మనిసినంపి ఏడిసినాది, అయినా ఎల్లనేదు. ఇప్పుడు నాను దొంగనయిపోనాను." శుక్రవారం పెద్దలు కూర్చుంటారు. ఆ రోజు ఆమెను వెలి వేస్తారు.

"నువ్వొచ్చి, అది నాను కాదని సెప్పాల," అంది. చెప్పి లేచి వెళ్ళిపోయింది. బతిమాలడానికి వచ్చిన మనిషిలా లేదు. తన వస్తువు ఎవరో పట్టుకుపోతే అడగడానికి వచ్చినట్టుంది.

తర్వాత జరిగిన చర్చను నేను ఆ రాత్రి డైరీలో ఎక్కించాను కానీ, ఇక్కడ మొత్తం రాసి మిమ్మల్ని హింసించను. విజయనగరం కుర్రాడు దీన్ని "అనుకోని హాని" అంటారన్నాడు. పరిమితులు అనే అధ్యాయంలో ఒక పేరా రాయాలన్నాడు. ఒకమ్మాయి, మనం ఆమె బాధను వినాలి అంది. ఇప్పుడే కదా విన్నారు, మళ్ళీ వినడమేమిటో నాకు అర్థం కాలేదు. గైడుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆయన మొదటి ప్రశ్న:

"ఆ ఫారం మీద వేలిముద్ర ఉందా?"

"ఉంది సార్. కానీ అది వేరే ఆమెది. ఈమె..."

"ఉంది కదా. అయితే మనకి ఇబ్బంది లేదు."

సర్వీసంతా ఆఫీసుల్లో గడిపినవాణ్ణి. ‘మనకి’ అన్నప్పుడు అందులో ఎవరుంటారో, ఎవరుండరో బాగా తెలుసు. కావాలంటే పేర్లు మార్చినవని డిపార్ట్‌మెంట్ కాగితం మీద ఒక ఉత్తరం రాసిస్తానని ఆయన దయ చూపించారు. అందరూ ఫోన్లు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు.

"మార్సిన పేరని ఉత్తరం ఇస్తే, అసలు పేరెవుల్దని అడగరేటి?" అంది మా ఆవిడ, ఖాళీ గ్లాసులు ఏరుతూ.

అడుగుతారు. పక్క పల్లె నుంచి వచ్చిన కోడళ్ళు ఎంతమందో అంతమంది గుమ్మాలూ తొక్కుతారు. ఉత్తరం ఒకామెను వదిలించి ఇంకొకామెను పట్టిస్తుంది. చెప్పకుండా ఉంటే ఈమె పోతుంది, చెబితే నమ్మి చెప్పుకున్న ఆమె పోతుంది. విజయనగరం కుర్రాడు కళ్ళు మూసుకుని, "ఇది క్లాసిక్ డైలమా," అన్నాడు. వాడి గొంతులో కొంచెం సంబరం కూడా ఉంది. వాడి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. అద్దెకున్న పిల్లల స్నేహితుణ్ణి కొట్టే హక్కు ఇంటి ఓనరుకు లేదు కాబట్టి పేపరు తిప్పుకున్నాను.

పాతపట్నం అమ్మాయి వాళ్ళ మధ్య ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేది. ఇప్పుడు ఇంటి మాట వచ్చేసింది.

"రాసిందంతా అబద్ధమని సెప్పేస్తాను. ఎవులూ నాకేటీ సెప్పనేదు, నానే అల్లినానని."

"పిచ్చా నీకు? దాన్ని ఫ్యాబ్రికేషన్ అంటారు," అన్నాడు వాడు. "అది డిపార్ట్‌మెంట్ దాకా వస్తే డిజర్టేషన్ పోతుంది. రాకపోయినా, యాజ్ ఎ రీసెర్చర్, అబద్ధం చెప్పడం ఎథికల్ కాదు."

"మరేటి సెయ్యమంటావు?"

"ఆలోచించాలి."

"అయితే నువ్వు ఆలోసించు. శుక్రవారం దాకా టైమున్నాది."

ఒక్క ఆడపిల్ల వెళితే పెద్దలు మాట విననైనా వినరు. నన్ను కూడా రమ్మంది. నాకు ఆ అమ్మాయి మీద జాలి కలగలేదు. పరాయి ఊరి దేవత పేరును పూల దండలా అందంగా ఉందని తెంపుకొచ్చి ఇంకొకతె మెళ్ళో వేసినప్పుడు ఆలోచించాల్సింది. రానన్నాను. మర్నాడు పొద్దున్న మా ఆవిడ నాకు కాఫీ ఇవ్వలేదు. పేపరు అందించలేదు. మధ్యాహ్నానికి వస్తానన్నాను.

శుక్రవారం వలలు బాగు చేసుకునే రేకుల షెడ్డు కింద పెద్దలు కూర్చున్నారు. ఇసక మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసి ఉన్నాయి, ఆ వాసనా ఉప్పుగాలీ కలిసి గొంతులో పడుతున్నాయి. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, ఎండలో. ఆ గట్టి మనిషి ఒక్కతె పక్కగా నిలబడి ఉంది. అప్పటికే ఆమె చుట్టూ జాగా వదిలేశారు.

తెల్ల మీసాల పెద్ద నన్ను అడిగాడు. "బాబూ, ఈ పిల్ల మీకేటవుతాది?"

"మా ఇంట్లో అద్దెకుంటుంది."

"అంతేనా?"

"అంతే."

అమ్మాయి ముందుకు వచ్చి చెప్పింది. పుస్తకంలో చేపల సంగతి తానే అల్లానని, ఎవరూ అలా చెయ్యలేదని, ఎవరూ తనతో అనలేదని, పేరు కూడా గుడి మీద చూసి రాశానని చెప్పింది.

"అబద్ధమెందుకు రాసినావు?"

"మార్కులొస్తాయని."

షెడ్డంతా నవ్వింది. "మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, డిగ్రీ," అన్నాడు ఒక ముసలాయన. "ఆడూ ఇంతే. నోరు తెరిస్తే అబద్ధమే."

"సదువుకుంటే అంతే మావా," అన్నాడు పక్కాయన. "సదువు నేనోడు అబద్ధమాడితే దొరికిపోతాడు. సదువుకున్నోడు అచ్చేయిస్తాడు."

అంతటితో తేలిపోయింది. అచ్చులో ఉంది కదా అని నెల రోజులు నమ్మిన పెద్దలు, ఒక పిల్ల నోటి మాట విని బీడీ కాలేలోగా మనసు మార్చుకున్నారు. రెండుసార్లూ ఆ మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు. మా వరండాలో ఉన్న తెలివి ఇక్కడ పంచె కట్టుకుని కూర్చుందనిపించింది. అమ్మాయి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి చెంపలు వేసుకోవాలన్నారు, ఇక ఈ ఊరి పొలిమేర తొక్కకూడదన్నారు. వేసుకుంది. తొక్కనంది.

వెలి తప్పిన మనిషి అప్పుడు నోరు తెరిచింది. ముందు పెద్దల వైపు తిరుగుతుందేమో అనుకున్నాను. అటు చూడనే లేదు. అమ్మాయి ముందుకొచ్చి నిలబడి, నీ నోట్లో పురుగులు పడ అని మొదలుపెట్టి, ఆ పిల్ల తల్లినీ, కన్న ఊరినీ, చదువునూ కలిపి తిట్టింది. మేనల్లుడి పెళ్ళికి కూడా వెళ్ళకుండా కాపాడుకున్న పేరు అని మధ్యలో రెండుసార్లు అంది. అమ్మాయి తల వంచుకుని అంతా విన్నది. ఒక్క మాట చాలు, ఆ తిట్లు ఆగడానికి. ఆ మాట ఖరీదు, వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో ఒకరి బతుకు.

అంటే అసలు మనిషి కూడా అక్కడే ఉంది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. ఒకసారి తల తిప్పి ఆ ఆడవాళ్ళ మొహాలు చూస్తే, ఇన్నేళ్ళు గుమ్మాల ముందు నిలబడి మొహాలు చదివిన వాణ్ణి, నాకు తెలిసిపోయేది. తెలిస్తే ఆ రాత్రి డైరీలోకి ఎక్కేది. నేను తల దించుకుని చెప్పుల్లో ఇసక దులుపుకుంటూ ఉండిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ అమ్మాయిని నేను ఓదార్చలేదు.

డిజర్టేషన్ సమర్పించే ముందు ఆ అమ్మాయి మూడో అధ్యాయం తీసేసింది. ఎందుకని గైడు అడిగితే, సమాచారం బలంగా లేదని చెప్పింది. మిగిలింది పీలగా ఉంది. పాసు మార్కులతో గట్టెక్కింది. అంతకు ముందు తరగతిలో మొదటిదట. ఆ తర్వాత పోటీ పరీక్షలకు చదువుకుంటూ మేడ మీదే ఉండిపోయింది. విజయనగరం కుర్రాడు ఆ డైలమా మీద సెమినార్ పేపరు రాస్తానని వచ్చాడు, పేర్లన్నీ మారుస్తానని భరోసా కూడా ఇచ్చాడు.

"రాసి సూడు," అంది అమ్మాయి. "నీ లాప్‌టాప్ నాగావళిలో ఉంటాది."

వాడు స్నేహితుడు చూసొచ్చిన ఉప్పు మడుల మీద రాసుకున్నాడు. సెమినార్లో సర్టిఫికెట్టూ, సంచీ ఇచ్చారు.

చేపల వేట కాలం మారేసరికి ఆ రెండు పల్లెలూ రాజీ పడ్డాయి. ఎందుకు కొట్టుకున్నారో, ఎందుకు కలిశారో వాళ్ళకే తెలియాలి. ఇప్పుడు ఆ బోట్ల చేప ఈ ఒడ్డునే దిగుతోంది. ఆ కబురు విని కుర్రాడు మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడు హాని లేదు కదా, ఆ అధ్యాయం జర్నల్‌కి పంపు. నువ్వు అబద్ధం రాయలేదని అందరికీ తెలుస్తుంది," అన్నాడు. వాడన్న మాటల్లో కాస్త అర్థమున్నది అదొక్కటే.

అమ్మాయి నా వైపు తిరిగి జవాబిచ్చింది, వాడి వైపు కాదు. "ఆ ఇద్దరూ ఇసక మీద పక్కపక్కనే ఎండబోసుకుంటారు తాతగారూ. అసలు మనిషి ఉన్నాదని తెలిస్తే, నన్ను తిట్టినావిడకి, తను పడ్డ మాటలన్నీ ఎవులి వల్ల పడినాదో తెలిసిపోతాది. పెద్దలు ఒగ్గేసినా ఆవిడ ఒగ్గదు. నన్ను తిట్టుకోనీ."

ఆ గట్టి మనిషి తిట్టుకుంటూనే ఉంది. మా ఇల్లు చూసి వెళ్ళింది కదా, ఆ తర్వాత ఎండుచేపల గంప ఎత్తుకుని మా వీధికీ రావడం మొదలుపెట్టింది. మంచి సరుకు. మా ఆవిడ బేరమాడకుండా తీసుకుంటుంది. ఆవిడ జీవితంలో బేరమాడని మనిషి ఈమె ఒక్కతే. గంప దించగానే మేడ వైపు చూసి అడుగుతుంది.

"ఆ అబద్ధాలకోరు పిల్ల ఉన్నాదా ఇంకా? అలాటిదాన్ని కొంపలో ఎలగెట్టుకున్నారమ్మా?"

మేడ మీద కిటికీ తెరిచే ఉంటుంది. మా ఆవిడ ఒకటి రెండుసార్లు నోరు తెరవబోయి, చెప్పనని అమ్మాయికి వేసిన ఒట్టు గుర్తొచ్చి మూసేసింది. మాటలు దాచుకోవడం ఆవిడకు చేతకాని పని. ఆ రోజంతా నా మీద విసుక్కుంటుంది.

ఒకసారి అమ్మాయి బజారు నుంచి వస్తూ గేటు దగ్గర ఆమెకు ఎదురుపడింది. గంపలో నెత్తళ్ళు చూసి, "నాకూ కొంచెం ఇవ్వండమ్మా," అని అడిగింది.

"నీకియ్యను," అంది ఆమె. తల మీద చుట్టకుదురు సర్దుకుని, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అమ్మాయి మేడ ఎక్కింది. మా ఆవిడ పొద్దున్న తీసుకున్న నెత్తళ్ళలో సగం కాగితంలో చుట్టి, వంకాయలు రెండు పైన పెట్టి, మెట్ల మీదికి వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆ రోజు డైరీలో రాసింది ఇంతే: వాన లేదు. ఎండుచేపలామె వచ్చింది. కూర, నెత్తళ్ళు వంకాయ. పైన కూడా అదే.